సాతానుని ఎవరు చెడగొట్టారు?

ప్రశ్న: హవ్వని సాతాను మోసం చేశాడు అంటారు, సరే. మరి సాతానుని ఎవరు మోసం చేశారు? దేవుడు చేసినవన్నీ మంచివే అయితే మొదటి చెడు ఆలోచన ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఫ్రీ విల్ (ఎంచుకునే స్వేచ్ఛ) అని ఒక్క ముక్కలో తేల్చేయకండి ప్లీజ్.

జవాబు: ఒక్క ముక్కతో అది తేలదు లెండి. ఈ ప్రశ్నతో ఎక్కువ కుస్తీ పట్టింది 354లో ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన క్రైస్తవ ఆలోచనాపరుడు అగస్టీన్. ఆయన బిషప్ అవ్వకముందు తొమ్మిదేళ్ళు మానికీయులు అనే మతం వాళ్ళ వెంట తిరిగాడు, వాళ్ళేమో వెలుగు చీకటి రెండూ మొదట్నుంచీ ఉన్నాయి, చెడంతా ఆ చీకటి పనే అనేవాళ్ళు, వినడానికి హాయిగానే ఉంటుంది గానీ అప్పుడు తప్పు నాది కాదు నాలో ఉన్న చీకటిది అని ఎవరైనా తప్పించుకోవచ్చు. తర్వాత అగస్టీన్ తేల్చిందేంటంటే చెడు అసలు వస్తువే కాదు, మంచి లోపించడం. గుడ్డితనం అంటే కంట్లో కొత్తగా ఏదో చేరడం కాదు కదా, చూపు పోవడం, అలా అన్నమాట. కాబట్టి దాన్ని దేవుడు చెయ్యక్కర్లేదు, దేవదూతగా ఉన్న సాతాను మంచి సంకల్పమే గర్వంతో దేవుణ్ణి వదిలి తన వైపు తిరిగింది.

ఎందుకు తిరిగింది అంటే మాత్రం, దానికి కారణం వెతకడం చీకటిని చూడాలనుకోవడం లాంటిది అంటాడు. ఇది దాటవేతలా ఉంది కానీ పూర్తిగా కాదు, బయట కారణం ఒకటి దొరికితే నేరం దాని మీదకి పోతుంది కదా. నాకు మింగుడుపడనిది వేరే. సాతానులా పడిపోకుండా నిలబడ్డ దేవదూతలకి బహుశా దేవుడి సాయం ఎక్కువ అంది ఉండొచ్చు అని కూడా ఆయనే రాశాడు, అప్పుడు మిగతావాళ్ళకి ఎందుకు అందలేదు అని మళ్ళీ దేవుణ్ణే అడగాల్సొస్తుంది!

1955లో మాకీ అనే నాస్తిక తత్వవేత్త ఇంకో మెలిక పెట్టాడు, స్వేచ్ఛ ఉండీ ఎప్పుడూ మంచినే ఎంచుకునేవాళ్ళని దేవుడు చెయ్యొచ్చుగా అని. 1974లో ప్లాంటింగా అనే క్రైస్తవ తత్వవేత్త జవాబు, వాళ్ళు ఏది ఎంచుకుంటారో వాళ్ళ చేతుల్లో ఉంది కాబట్టి అలాంటి లోకం చెయ్యడం దేవుడికి కూడా కుదరకపోవచ్చు అని. దీంతో దేవుడూ చెడూ రెండూ ఉండటంలో వైరుధ్యం లేదని చూపించొచ్చు, అంతవరకే.

రెండో శతాబ్దపు బిషప్ ఐరేనియస్ దారి వేరు, మనిషి పసివాడిలా మొదలయ్యాడు, ఎదగడానికి టైమ్ కావాలి అంటాడు. నాకు ఇదే కాస్త దగ్గరగా అనిపిస్తుంది, కాకపోతే ఎదగకముందే చనిపోయిన పిల్లల సంగతేంటి అంటే ఇదీ తడబడుతుంది.