స్టేషన్ మూసేసి బాగుచేయొచ్చు కదా అని అడిగినవారికి

ప్రశ్న ఇది: "వందేళ్లు దాటిన పెద్ద రైల్వే స్టేషన్‌ని బాగుచేసేటప్పుడు రైళ్లు నడుపుతూనే ఎందుకు అవస్థ పడతారు? ఆరు నెలలు మూసేస్తే పని తొందరగా, తక్కువ ఖర్చులో అయిపోదా?"

అవదండి. విజయవాడలాంటి చోట అసలు కుదరదు. ఇక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా ఎన్నో రాత్రులు ప్లాట్‌ఫాం మీదే గడిపాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

1888 నుంచి ఉన్న స్టేషన్ ఇది. చెన్నై, విశాఖ, కాజీపేట, గుంటూరు, మచిలీపట్నం వైపు లైన్లన్నీ ఇక్కడే కలుస్తాయి. కొన్ని బండ్లను రాయనపాడు బైపాస్ మీదుగా తిప్పొచ్చు, తిప్పుతున్నారు కూడా. కానీ బండిని తిప్పినంత తేలిగ్గా మనుషుల్ని తిప్పలేం. వన్‌టౌన్‌లో ఉండే పెద్దాయన అర్ధరాత్రి పెట్టెలతో ఊరి బయట రాయనపాడులో దిగి ఇంటికెలా చేరతాడు? 2024 సెప్టెంబర్ మొదట్లో చూశాం కదా. బుడమేరు పొంగి రాయనపాడు స్టేషన్ మునిగింది, అవతల కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. వందల రైళ్లు రద్దయ్యాయి. కాజీపేట వైపు ఒక్కటి తెగితేనే అంత. అన్నివైపులా మనమే మూసేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

అసలు కష్టం పగటిపూట ప్రయాణికులకి కనిపించదు. ప్లాట్‌ఫాం కప్పు ముట్టుకోవాలంటే పక్కనే 25,000 వోల్టుల తీగ ఉంటుంది. దానికి రెండు మీటర్ల లోపలికి మనిషి గానీ ఇనుపముక్క గానీ పోకూడదు. అందుకని లైన్ బ్లాక్ (ఆ పట్టాల మీద కాసేపు బండ్లు ఆపడం), పవర్ బ్లాక్ (ఆ తీగకి కరెంటు తీసేయడం) రెండూ దొరకాలి. కరెంటు తీశాక కూడా తీగని నేలకి కలిపే ఎర్తింగ్ రాడ్లు రెండువైపులా తగిలించి, పర్మిట్ కాగితం చేతికొచ్చేదాకా ఎవరూ నిచ్చెన ఎక్కకూడదు. చివర్లో అందరినీ దించి లెక్కపెట్టుకుని, పనిముట్లు ఏరుకుని, రాడ్లు తీయించి, కాగితం తిరిగిచ్చేయాలి. రెండు గంటల బ్లాక్ అంటే చేతికి దక్కేది గంటా పావు.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు. అంతకుముందు జూలైలో ఒక రాత్రి పాత కప్పు ట్రస్సులు, అంటే కప్పుని మోసే ఇనుప చట్రాలు, రెండు దించాలి. పని చేసేచోటికి ఎవరూ రాకుండా చుట్టూ తాడు కట్టాం. ఒంటిగంటకి రావాల్సిన బ్లాక్, ఒక బండి లేటవడంతో ఒకటీ నలభైకి దొరికింది. ముగించాల్సింది మాత్రం మూడింటికే. బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోతే గ్యాస్ కటింగ్ పెట్టించాం. మొదటి ట్రస్సు చైన్ పుల్లీల మీద సగం దిగిందో లేదో, మేస్త్రి అరిచాడు: "సార్, తాడు లోపల ఎవరో ఉన్నారు!"

స్తంభం చాటున ఒక పెద్దావిడ, ఒళ్లో సంచితో కూర్చుని ఉంది.

"మామ్మగారూ, ఇక్కడ ఉండకూడదండీ. పైనుంచి ఇనుము దించుతున్నాం."

"రాజమండ్రి బండి ఇక్కడికే వస్తుందన్నారు నాయనా. మనవరాలికి పురుడొచ్చింది. నే కదిలితే బండి తప్పిపోద్ది."

మా బ్లాక్ కోసం ఆ రాత్రి బండ్లన్నీ వేరే ప్లాట్‌ఫాంలకి మార్చారు. మైకులో చెప్పారు, కటింగ్ చప్పుడులో ఆవిడకి వినపడలేదు. గోడకి కాగితం అంటించారు, దానికి అడ్డంగా నీలం రేకులు కట్టింది మేమే. దగ్గరి వంతెన మెట్లు మూసేసిందీ మేమే. బండికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. ట్రస్సుని ఉన్నచోటే గట్టిగా కట్టేసి ఎవర్నీ కిందికి రానివ్వొద్దని మేస్త్రికి చెప్పాను. ఆవిడ సంచి భుజాన వేసుకుని అవతలి చివర వంతెన దాకా నడిపించాను. మోకాళ్ల నొప్పులు, ప్రతి మెట్టు మీదా ఆగి ఊపిరి తీసుకునేది. మేం వంతెన నడిమధ్యలో ఉండగానే బండి వచ్చేసింది. నాకు ఒళ్లంతా చెమటలు. పైనుంచే గార్డుకి చెయ్యి ఊపి కేకేశాను. ఆయన చూశాడు. ఆవిడ ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి నా చేతిలో రెండు సున్నుండలు పెట్టింది.

నేను తిరిగొచ్చేసరికి రెండున్నర దాటింది. ఒక ట్రస్సే దించగలిగాం. రెండోదానికి బ్లాక్ మళ్లీ ఐదు రోజులకి గానీ దొరకలేదు. "మనుషుల్ని బండెక్కించడం నీ పనా?" అని మా కాంట్రాక్టరు నిలదీశాడు. నా పనే. ఇప్పటికీ అదే అంటాను. కప్పు విప్పే ముందు మనిషి నడిచే దారి చూపించాలి, కొత్త మెట్లు తెరిచాకే పాతవి మూయాలి. ఆ తర్వాత నేనున్న ప్రతి సైట్‌లో రేకులు కట్టకముందే నేలమీద పసుపు రంగుతో బాణాలు గీయించాను, బోర్డులు పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించాను. దానివల్ల పని ఆలస్యమవుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. తాడు లోపలికి మనుషులు రాకపోతే బ్లాక్‌లో మాకే నిమిషాలు మిగులుతాయి.

సికింద్రాబాద్‌లో కొన్ని ప్లాట్‌ఫాంలు మూసి పని చేయలేదా అంటారేమో. అక్కడ బండ్లను పంపడానికి చర్లపల్లి ఉంది, కాచిగూడ ఉంది, నాంపల్లి ఉంది. మనకేముంది? అయినా అక్కడ నన్ను బాధపెట్టింది వేరే. 1874 నాటి స్టేషన్, దాని ముందు భాగంలో జనం గుర్తుపెట్టుకున్న ఆ పాత కట్టడాన్ని 2025లో నేలమట్టం చేశారు. ఆ వీడియో నేను చివరిదాకా చూడలేకపోయాను. కూల్చని చోట్ల పాత కమానుల మీద మెరిసే ఏసీపీ షీట్లు (పైన అల్యూమినియం పూత ఉన్న పలకలు) కప్పేస్తున్నారు. లోపల గట్టి ఇటుక, సున్నం ఉంటే పైన రేకు ఎందుకు?

మేం విప్పిన ఆ కప్పు కింద స్తంభాలు కూడా నిజానికి పాత రైలు పట్టాలే, నిలువునా పాతినవి. రంగు పొరలు గీకితే పట్టా నడుము మీద తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో బయటపడ్డాయి. ఒక్కదాన్ని అక్కడే ఉంచి పక్కన నాలుగు ముక్కలు రాసిపెట్టించమని కాంట్రాక్టరుని బతిమాలాను. "విప్పిన ఇనుమంతా తూకం వేసి స్క్రాప్‌కి అప్పజెప్పాలి, బరువు తగ్గితే జవాబు నేను చెప్పుకోవాలి" అన్నాడాయన. లారీకి ఎత్తే రోజు పొద్దున్నే వెళ్లి, ఆ అక్షరాల మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నాను. ఫ్రేము కట్టించి మా ముందుగదిలో పెట్టుకున్నాను.