న్యూయార్క్ టు లాస్ ఏంజెల్స్: గాలి దూరం నమ్ముకుని పెట్రోలు లెక్క వేయొద్దు

చిత్తూరు తమ్ముడూ, అమెరికా వచ్చాక న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెల్స్‌కు కారులో పోవాలని నువ్వు వేసిన లెక్క చూశాను. 2,475 మైళ్లు, గ్యాలన్‌కు (సుమారు 3.8 లీటర్లకు) 30 మైళ్లు, కాబట్టి టికెట్టు కంటే కారే చవక అంటున్నావు. ఊరి నుంచి కొత్తగా దిగిన ప్రతివాడూ వేసే లెక్కే ఇది. మేమూ వేశాం, డబ్బు వదిలాక తెలిసింది.

ఆ 2,475 విమానం పోయే దూరం. దాన్నే కొన్నిచోట్ల 3,983 కిలోమీటర్లనీ, సుమారు 2,150 నాటికల్ మైళ్లనీ (ఓడలకు, విమానాలకు వాడే కొలత) చూపిస్తారు. ఏ కొలతో చూడకుండా అంకె పట్టుకుంటే మొదటి తప్పు అక్కడే. రోడ్డు మీద దాదాపు 2,800 మైళ్లు. అలిపిరి మెట్లదారి 9 కిలోమీటర్లయితే ఘాట్ రోడ్డు దానికి రెట్టింపు కదా! ఇక్కడి హైవేలు అంతగా మెలికలు తిరగవు. అయినా పెరిగిన 325 మైళ్లంటే 520 కిలోమీటర్లు, ఇంచుమించు తిరుపతి నుంచి హైదరాబాద్ పోయినంత.

ఇక డబ్బు. 2,800 మైళ్లకు 93 గ్యాలన్లు. గ్యాలన్ మూడున్నర డాలర్లనుకుంటే 326. కాలిఫోర్నియాలో అడుగుపెట్టగానే రేటు ఎక్కువ, కాబట్టి సరిహద్దు దాటకముందే ట్యాంకు నింపుకో. మ్యాపు 41 గంటలు అంటుంది గానీ అందులో తిండి, నిద్ర లేవు. రోజుకు 550 మైళ్లే ఎక్కువ, అంటే సుమారు అయిదు రోజులు, నాలుగు రాత్రులు. మోటెల్ వంద డాలర్లకు దొరికినా 400. తిండి వేరే. టైర్లు, ఆయిలు, బండి విలువ తగ్గడం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2025కి అమెరికా ప్రభుత్వం పన్నుల లెక్క కోసం కారు ఖర్చు మైలుకు 70 సెంట్లని ఖరారు చేసింది, ఆ లెక్కన 1,960 డాలర్లు. పెట్రోలు అందులో ఆరో వంతే! అద్దె బండి ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలితే దానికీ బాదుతారు. వయసు 25 లోపైతే ఇంకో వడ్డన.

విమానం పడమరకు సుమారు ఆరు గంటలు, ఎదురుగాలి వల్ల. తిరుగు ప్రయాణం తక్కువే పడుతుంది. గడియారం మూడు గంటలు వెనక్కి జరుగుతుంది, అమ్మకు ఫోన్ చేసే వేళా మారుతుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడే లాస్ ఏంజెల్స్ దాకా ఒకే టికెట్టు తీసుకో. న్యూయార్క్‌లో దిగి విడిగా కొంటే, పచ్చళ్లతో నింపిన 23 కిలోల పెట్టెలు రెండింటికీ మళ్లీ డబ్బు కట్టాల్సి రావచ్చు.

కారు లాభించేది రెండు సందర్భాల్లోనే: బండినే అక్కడికి చేర్చాల్సి వచ్చినప్పుడు, లేదా ముగ్గురు నలుగురు ఖర్చు పంచుకున్నప్పుడు. చలికాలమైతే దక్షిణపు దారి, ఐ-40 (ఇంటర్‌స్టేట్ 40 హైవే), పట్టుకో. ఆ దారిలోనూ అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు దాదాపు 7,000 అడుగులు, తిరుమలకు రెండున్నర రెట్ల ఎత్తు. మంచు పడుతుంది. ఐ-70 మీద యూటాలో గ్రీన్ రివర్ ఊరు దాటితే సలైనా ఊరి దాకా నూరు మైళ్లకు పైగా పెట్రోలు బంకు కనిపించదు. లైసెన్సు నిబంధనలు రాష్ట్రానికో తీరు, ఆ రాష్ట్రపు డీఎంవీ (మన ఆర్టీఓ లాంటి వాహనాల శాఖ) సైట్లో చూసుకో. అంతర్జాతీయ పర్మిట్ మాత్రం బయల్దేరకముందే మన ఆర్టీఓ ఆఫీసులో తీసుకో.