అరబిక్ చదువుతానన్న అమ్మాయికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న విజయవాడలో నువ్వు నా ముందు పరిచిన కాలేజీ కాగితాలన్నీ ఇంటికి తెచ్చుకుని నిదానంగా చదివాను. పశ్చిమాసియా అధ్యయనం అని పేరున్న కోర్సులో చేరాలా, అరబిక్ ఆనర్స్‌లో చేరాలా అని అడిగావు. మీ నాన్న ఎదురుగా ఉన్నాడని ఆ రోజు నోరు విప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. కోర్సు పేరు పక్కన పెట్టు. అక్కడ మూడో ఏడాది విద్యార్థులు అరబిక్‌లో చదువుతున్నారా, లేక అరబ్బుల గురించి ఇంగ్లీషులో చదువుతున్నారా అన్నది తెలుసుకో.

ఈజిప్టు చరిత్ర, చమురు రాజకీయాలు, పాలస్తీనా సమస్య నలభై ఏళ్లు వచ్చాకయినా చదువుకోవచ్చు. చెవి, నాలుక అంతదాకా ఆగవు. 'ఐన్' అనే ఒక్క అక్షరాన్ని గొంతు లోపలి నుంచి సరిగ్గా పలకడానికి నాకు ఏడాది పట్టింది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు అరబిక్ నేర్పడానికి 2,200 తరగతి గంటలు లెక్క వేసుకుంటుంది. ఫ్రెంచికి పట్టేదానికి అది దాదాపు మూడింతలు. నీ కాగితాల్లో ఒక కోర్సుకు భాషా తరగతులు వారానికి ఆరు గంటలే. ఏడాదికి ముప్ఫై వారాలనుకున్నా మూడేళ్లకు 540 గంటలు, అంటే నాలుగో వంతు కూడా లేదు. ఆ కాగితాన్ని ఇప్పుడే తీసి పక్కన పెట్టు.

రెండో సంగతి మరీ ముఖ్యం. అరబిక్ అంటే ఒకటి కాదు. పత్రికలకు, పుస్తకాలకు, ఉపన్యాసాలకు ఫుస్‌హా అనే ప్రామాణిక భాష ఉంది. ఇంట్లో, బజారులో మాట్లాడేది వేరు, అదీ దేశానికొక తీరు. మన గ్రాంథిక, వ్యావహారికాల తగువు గుర్తు తెచ్చుకో. మనకు గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టి వాడుక భాషను పుస్తకాల్లోకి తెచ్చారు. అరబ్బుల పత్రికలు నేటికీ ఫుస్‌హాలోనే వస్తున్నాయి.

ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు. నేను చదివిన చోట వ్యాకరణం బట్టీ పట్టించారు, పరీక్ష రాయించారు, అంతే. 1984లో మస్కట్‌లో ఒక నిర్మాణ సంస్థలో అనువాదకుడిగా చేరాను. రెండో నెలలో రాజోలు కుర్రాడొకడు పరంజా మీద నుంచి పడ్డాడు. ఆసుపత్రికి నన్ను వెంటబెట్టుకు వెళ్లారు. అక్కడి నర్సు 'ఎష్ యఅవ్వరక్' అని అడిగింది. ఎక్కడ నొప్పి అని. పుస్తకంలో నేను నేర్చుకున్న మాట 'యు'లిముక'. ఆమె అడిగింది నాకు అర్థం కాలేదు. పిల్లవాడు నడుము పట్టుకుని నా ముఖంలోకి చూస్తున్నాడు. ఎనిమిదేళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఒక మలయాళీ డ్రైవరు ముందుకొచ్చి మాట్లాడాడు. ఆ పిల్లవాడి చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే అడుగుతున్నాను, ఏ కాలేజీలోనైనా ఫుస్‌హాతో పాటు కనీసం ఒక మాండలికం, గల్ఫ్‌దో ఈజిప్టుదో, నేర్పుతారా అని కనుక్కో. సినిమాల పుణ్యమా అని ఈజిప్టు మాట చాలా దేశాల్లో అర్థమవుతుంది.

ఇక పాఠం ఎలా చెబుతారో చూడు. అరబిక్‌లో మాటలు ఎక్కువగా మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. క-త-బ అంటే రాయడం. దాని నుంచే కితాబ్ (పుస్తకం), కాతిబ్ (రాసేవాడు), మక్తబ్ (కార్యాలయం) వచ్చాయి. నిఘంటువులు కూడా చాలావరకు ధాతువు వరసలోనే ఉంటాయి. ధాతువు పట్టుకోవడం రానివాడికి నిఘంటువు తెరవడమే రాదు. పైగా మామూలు రాతలో హ్రస్వాచ్చులు రాయరు, చదివేవాడే పూరించుకోవాలి. కాబట్టి వీలైతే ఒక రోజు మూడో ఏడాది తరగతిలో కూర్చో. ఎవరైనా విద్యార్థికి అరబిక్ పత్రిక ఇచ్చి ఒక వార్త చదివి చెప్పమను. కూర్చోనివ్వకపోతే నిరుటి ప్రశ్నపత్రాలు తెప్పించుకో. జవాబులు ఏ భాషలో రాయమన్నారో చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

అన్నట్టు, ఆ 'అసలు' అరబిక్ మాటే. రైతు, జిల్లా, వకీలు, హక్కు, రద్దు, వసూలు కూడా పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చిన అరబిక్ మాటలే. మీ నాన్న పొలం కాగితాల నిండా అవే ఉంటాయి. పరాయి భాష మనకెందుకని మళ్లీ అంటే ఆ కాగితాలే చూపించు.

నా ఓటు హైదరాబాదులోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీకి. ఇల్లు ఐదారు గంటల దూరం. ఆ ఊళ్లోనే ఉస్మానియాలో అరబిక్ విభాగం ఉంది, 1888 నుంచి అరబిక్ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేస్తున్న దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఉంది. యెమెన్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చినవారి సంతతి అక్కడి బార్కస్ పేటలో ఉంది. ఢిల్లీ వెళ్లగలిగితే జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ) అరబిక్ ఆనర్స్ మంచిదే, దానికి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పశ్చిమాసియా అధ్యయనం ఎం.ఏ.లో చేయి. ఢిల్లీ జామియా మిలియాలో, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో పశ్చిమాసియాకు ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. డిగ్రీలో పక్కన అర్థశాస్త్రమో చరిత్రో తీసుకో.

తరగతిలో నీ పక్కన మదరసాలో ఏళ్ల తరబడి అరబిక్ చదివి వచ్చినవారు, కేరళలో బడి నుంచే నేర్చినవారు కూర్చుంటారు. బెదిరిపోకు. మొదటి నుంచి నేర్చుకునేవారికి వేరే తరగతి ఉందా అని చేరకముందే అడుగు. లేకపోతే మొదటి ఏడాది నీకు చాలా కష్టం.

బి.ఏ. చేతికి రాగానే పెద్ద జీతం వస్తుందని మీ నాన్నకు నేను అబద్ధం చెప్పను. అనువాదం, ఆసుపత్రులు, ఎగుమతులు, విదేశాంగ శాఖ, అన్నిట్లోనూ దారులున్నాయి, కాని భాష నిజంగా వచ్చినవారికే. గల్ఫ్‌లో ఏ కాగితం మీద సంతకం పెట్టారో తెలియని మన గోదావరి జిల్లాల, కడప ఆడవాళ్లను ఎంతమందిని చూశానో. వాళ్లకు ఆ కాగితం చదివి చెప్పే మనిషి ఒకరు తెలుగువాళ్లలో ఉండాలని నా కోరిక.

ప్రశ్నపత్రాలు దొరికితే ఆదివారం గుంటూరు పట్టుకురా, కలిసి చూద్దాం. అక్షరాలు 28, కుడి నుంచి ఎడమకు రాయాలి. మొదటి నాలుగూ ఆ రోజే దిద్దిస్తాను.

మీ పెదనాన్న