సిన్స్, ఫర్: ఏది ఎక్కడ వాడాలి?

పని ఎప్పుడు మొదలైందో చెప్పడానికి సిన్స్, ఎంత కాలం సాగిందో చెప్పడానికి ఫర్ వాడాలి.

తెలుగులో ‘సోమవారం నుంచి జ్వరం’ అన్నా, ‘మూడు రోజుల నుంచి జ్వరం’ అన్నా ఒకే ‘నుంచి’తో సరిపోతుంది. చిక్కంతా అక్కడే. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది: సోమవారం ఒక ఆరంభ బిందువు కాబట్టి ‘సిన్స్ మండే’, మూడు రోజులు ఒక వ్యవధి కాబట్టి ‘ఫర్ త్రీ డేస్’. మనవాళ్ల నోట తరచూ వినిపించే ‘సిన్స్ త్రీ డేస్’ తప్పు.

క్రియ విషయంలోనూ తేడా ఉంది. మొదలైన పని ఇంకా సాగుతుంటే, సిన్స్ ఉన్న వాక్యంలో ‘యామ్ వర్కింగ్’ కుదరదు, ‘హావ్ బీన్ వర్కింగ్’ అనాలి. ఫర్‌కు అంత పట్టింపు లేదు; నిన్న రెండు గంటలు చదివినా, రేపు రెండు గంటలు చదవబోతున్నా ‘ఫర్ టూ అవర్స్’ చెల్లుతుంది.

‘నుంచి’ కనిపించిన ప్రతిచోటా సిన్స్ పెట్టాలనుకోవడం చాలామందికి ఉన్న అపోహ. ‘సోమవారం నుంచి శుక్రవారం వరకు’ అనేటప్పుడు ఈ రెండూ పనికిరావు, అక్కడ ‘ఫ్రమ్’ రావాలి.