మొంటాన్ వ్యాక్స్: పర్వత మైనమా, మైనపు బొగ్గా?

సందేహం: మాది చిత్తూరు. పాలిష్‌లు తయారుచేసే యూనిట్‌లో కొత్తగా చేరేవాళ్ల కోసం ఒక శిక్షణ పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ‘మొంటాన్ వ్యాక్స్’ అనే మాట పదే పదే వస్తోంది. పాత అనువాదంలో దీన్ని ‘పర్వత మైనం’ అన్నారు. బొగ్గు నుంచి తీసేది కాబట్టి ‘మైనపు బొగ్గు’ అనాలని మా ఆఫీసులో ఒకరు అంటున్నారు. ఏది సరైనది? – ఒక పాఠకురాలు

సమాధానం: రెండూ వద్దమ్మా.

‘పర్వత మైనం’ అన్నవారు లాటిన్ మూలాన్ని పట్టుకున్నారు. అక్కడ ‘మోంటానుస్’ అంటే కొండకు చెందినది అనే మాట నిజమే. కానీ ఈ పేరు జర్మన్ వాళ్లు పెట్టింది. వాళ్ల భాషలో ఒక మాటకు ముందు ‘మొంటాన్’ చేరితే అది గనులకు సంబంధించినదని అర్థం. 1951లో ఆరు యూరప్ దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేసి ఏర్పరచుకున్న బొగ్గు, ఉక్కు కూటమిని జర్మన్లు ‘మొంటాన్ యూనియన్’ అనేవారు. అందులో కొండల ఊసే లేదు. ‘పర్వత మైనం’ అని చదివిన మన కుర్రవాడు అది ఏ శేషాచలం కొండల్లోనో దొరుకుతుందనుకుంటే తప్పు అతనిది కాదు.

‘మైనపు బొగ్గు’ అంటే అర్థం తలకిందులవుతుంది. తెలుగు సమాసంలో అసలు వస్తువు చివర ఉంటుంది. మైనము, బొమ్మ కలిస్తే మైనపు బొమ్మ. బడిలో చదివిన పుంప్వాదేశ సంధే ఇది. మైనంతో చేసిన బొమ్మ అని అర్థం. ఆ లెక్కన మైనపు బొగ్గు అంటే మైనంతో చేసిన బొగ్గు. మీకు కావలసింది బొగ్గులోంచి తీసిన మైనం.

మరి ‘బొగ్గు మైనం’ అనేస్తే సరిపోదా? దాదాపు సరిపోతుంది. అయితే మన వీధుల్లో బొగ్గు అనగానే ఇస్త్రీ పెట్టెలో వేసే కట్టెబొగ్గు గుర్తుకొస్తుంది. గనిలోంచి తవ్వేదాన్ని మన పెద్దలు రాక్షసి బొగ్గు అనేవారు, నేలబొగ్గు అనీ అంటాం. తమిళంలో నిలక్కరి అన్నా నేలబొగ్గే. చిత్తూరు వాళ్లకు ఆ మాట చెవిన పడే ఉంటుంది. కాబట్టి నా ఓటు ‘నేలబొగ్గు మైనం’కే.

ఇది ఏ నేలబొగ్గు నుంచైనా రాదు. లిగ్నైట్ అనే గోధుమరంగు బొగ్గు కావాలి, అదీ మైనం ఎక్కువగా ఉన్న రకం. కోట్ల ఏళ్ల కిందటి చెట్ల ఆకుల మీది మైనం, బంక కుళ్లిపోకుండా అందులో మిగిలిపోయాయి. జర్మనీలోని ఆమ్స్‌డార్ఫ్ దగ్గర ఇలాంటి లిగ్నైట్‌ను ఆరబెట్టి, పొడిచేసి, టోలీన్ వంటి ద్రావణిలో మైనాన్ని కరిగించి తీస్తారు. ద్రావణిని ఆవిరి చేస్తే నల్లగా, గట్టిగా, పెళుసుగా ఉండే ముద్ద మిగులుతుంది. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఇది కరగాలంటే 80 దాటాలి. క్రోమిక్ ఆమ్లంతో శుద్ధి చేస్తే ఆ నలుపు పోయి లేత పసుపు రంగుకు వస్తుంది.

తేనెటీగ లేనిచోట మైనం అనవచ్చా అనే అనుమానమూ రావచ్చు. అమరకోశంలో మైనానికి మధూచ్ఛిష్టం అనే పేరుంది, తేనె తీశాక మిగిలింది అని. కానీ వాడుక అక్కడే ఆగలేదు. కొవ్వొత్తినే చూడండి. కొవ్వుతో చేసిన వత్తి కాబట్టి ఆ పేరొచ్చింది. ఇప్పుడు మనం వెలిగించేవాటిలో ఎక్కువ భాగం పెట్రోలియం నుంచి వచ్చే పారాఫిన్. పేరు మాత్రం మారలేదు, మారాల్సిన పనీ లేదు.

ఈ మైనాన్ని మీరు చూసే ఉంటారు, పేరు తెలియదంతే. తిరుపతిలో దస్తావేజులు టైపు చేసేవాళ్ల బల్లల మీద ఒకప్పుడు కార్బన్ పేపర్లు దొంతరగా ఉండేవి. వేలితో తాకితే చాలు, నల్లగా అంటుకునేది. కార్బన్ పేపర్ల సిరాలో నూనె కాగితమంతా పాకిపోకుండా పట్టి ఉంచడానికి చాలాకాలం నేలబొగ్గు మైనాన్నే వాడారు. బూట్ పాలిష్‌లోనూ అదే గుణం పనికొస్తుంది: ద్రావణిని పట్టి ఉంచుతుంది, రుద్దితే మెరుపునిస్తుంది. ప్లాస్టిక్ వస్తువులు అచ్చుకు అంటుకోకుండానూ దీన్ని వాడతారు.

పుస్తకంలో మొదటిసారి వచ్చినచోట ‘మొంటాన్ వ్యాక్స్ అనే నేలబొగ్గు మైనం’ అని రాయండి. డబ్బాల మీద ఉండేది ఆ పేరే కాబట్టి పనివాళ్లు పోల్చుకోగలగాలి. తర్వాతంతా నేలబొగ్గు మైనం అంటే చాలు. ‘నేలబొగ్గు మైనపు పాలిష్’ అని మాటలు దొంతర పెట్టకుండా ‘నేలబొగ్గు మైనం కలిపిన పాలిష్’ అనండి.