కిచెన్ సింక్ మనమే మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు, కానీ ముందు గోడ రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి

సింక్ కింద కారుతోంది, సింక్, పైపులు అన్నీ మార్చాలి, ప్లంబర్ దొరకట్లేదు, మేమే చేసుకోగలమా అని అడిగారు. చేసుకోగలరు. నల్గొండలో మా ఇంటి సింక్ నేనే మార్చాను, నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని, పానా పట్టుకోవడం అదే మొదటిసారి.

ప్లంబర్‌ని పిలవక కాదు. బతుకమ్మ పండగ మొదటి రోజు, ఎంగిలిపూల నాటి నుంచి వారం రోజులు ఫోన్ చేశాను. "రేపొస్త మేడం" అంటాడు, ఆ రేపు మాత్రం రాదు. సింక్ కింద బకెట్ పెట్టడం, నిండగానే మోరీలో పారబోయడం, మళ్లీ పెట్టడం. పండగ ఆఖరి రోజు సద్దులకు ఆడబిడ్డలు పిల్లలతో దిగుతారు, ఇంకా రెండు రోజులే ఉంది. ఇక నేనే చేస్తానంటే మా అత్తమ్మ "ఆడోళ్లు పానా పడ్తే నల్లాలు బాగైతయా బిడ్డా" అన్నది. మా ఆయన ఏమీ అనలేదు, సాయానికీ రాలేదు, అది వేరే ప్రశ్న కింద రాస్తాను.

కొనేటప్పుడు ఒక మోసం చెప్తాను. అయస్కాంతం అంటుకోకపోతే 304 గ్రేడ్ స్టీలని, అంటే తుప్పును బాగా తట్టుకునే మంచి రకమని వీడియోల్లో చెప్తారు కదా, నమ్మకండి. నికెల్ తక్కువగా ఉండే చవక రకం 202కి కూడా అయస్కాంతం పెద్దగా అంటుకోదు. నేను ఫ్రిజ్ మీది బొమ్మ అయస్కాంతం పట్టుకుని క్లాక్ టవర్ దగ్గర నాలుగు షాపులు తిరిగాను, ఏ సింక్‌కీ అంటుకోలేదు, షాపతను నవ్వాడు. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి, రాయనంటే లేచి రండి. కొలత కూడా పాత సింక్ అంచులకు కాదు, గ్రానైట్‌లో కోసిన ఖాళీకి తీసుకోండి.

ఇక అసలు సంగతి. పాత వేస్ట్ కప్లింగ్ (సింక్ రంధ్రానికి కింది పైపును కలిపే ముక్క) నట్టు ఎంతకీ తిరగదు. మా బోరు నీళ్ల సంగతి తెలిసిందేగా, ఫ్లోరైడ్ తీసే పద్ధతికే 'నల్గొండ టెక్నిక్' అని మా ఊరి పేరు పెట్టారు, పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే పద్ధతి అది. తాగడానికి ఇప్పుడు కృష్ణా నీళ్లొస్తున్నాయి, బోళ్లు తోమేది మాత్రం ఇంకా బోరు నీళ్లతోనే. ఫ్లోరైడ్ సంగతి అటుంచితే ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ, తెల్లటి పొలుసు కట్టి నట్టు రాయిలా బిగుసుకుపోయింది. బండల మీద వెల్లకిలా పడుకుని గంటసేపు దానితో కుస్తీ పట్టాను. మొహం మీద చుక్కలు పడుతున్నాయి, అవేం చుక్కలో అడగకండి. అప్పుడు వెలిగింది, ఎలాగూ పాత సింక్ పారేసేదే కదా, నట్టు ఎందుకు విప్పాలి? హాక్సా బ్లేడ్‌తో పైపు కోసేశాను, రెండు నిమిషాలు పట్టలేదు. అంచు చుట్టూ ఉన్న తెల్ల సిమెంటును పాత కత్తితో గీకితే సింక్ లేచి వచ్చింది.

ఆ తర్వాత గోడ దగ్గర టార్చ్ వేసి చూశాను. రెండించుల పీవీసీ పైపులోకి సన్నటి మడతల పైపు దూర్చి, చుట్టూ సందులో పాత బనీను గుడ్డ కుక్కి ఉంది! పద్నాలుగేళ్లుగా వంటింట్లో వాసనొస్తోంటే గంజి పులిసిందనో, ఎలుక చచ్చిందనో అనుకున్నాం, అత్తమ్మ అయితే నేను సరిగ్గా తోమట్లేదనే అనుకుంది. గుడ్డ లాగగానే బొద్దింకలు బయటికి ఉరికాయి. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ రంగు కోసం మూడు సార్లు షాపుకి పోతాం, గోడలో పైపు ఎలా కలిపారో ఒక్కరమూ చూడం.

నన్నడిగితే ఇళ్లల్లో సగం సింక్ బాధలకు ఆ మడతల పైపే కారణం. ప్రతి మడతలో గంజి, నూనె జిడ్డు కూర్చుంటాయి, మధ్యలో పైపు జారి కిందికి వేలాడితే అక్కడే మురుగు నిలుస్తుంది. నేను బాటిల్ ట్రాప్ పెట్టాను. దాని అడుగున ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలిచి ఉంటాయి, కాబట్టి మోరీ వాసన పైకి రాదు. అడుగు గిన్నె చేత్తో విప్పి కడుక్కోవచ్చు. అక్కడి నుంచి గోడ దాకా నున్నటి పైపు, కొద్దిగా వాలుగా. గోడ దగ్గర గుడ్డకు బదులు రబ్బరు రెడ్యూసర్, అంటే పెద్ద పైపులో సన్న పైపు చుట్టూ సందు మూసే రబ్బరు ముక్క, చాలా చవక. ఆ నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికే బనీను కుక్కిపోయాడు మహానుభావుడు.

ప్లాస్టిక్ నట్లు చేత్తో బిగించి, ఆపైన కొంచెం తిప్పితే చాలు. నేను ఉత్సాహం కొద్దీ పానాతో బిగిస్తే ఒకటి పగిలింది, మళ్లీ షాపుకి. రబ్బరు వాషర్ సింక్ కింది వైపు రావాలి, పైన కప్లింగ్ అంచు కింద సిలికాన్ పూయాలి. అంతా అయ్యాక రంధ్రం మూసి సింక్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదలండి, కింద ప్రతి జాయింట్ దగ్గరా పొడి కాగితం పెట్టి చూడండి. ఊరికే నల్లా తిప్పి చూస్తే లీకు దొరకదు.

సిలికాన్ పూశాక ఒక రోజంతా దాన్ని ముట్టుకోకూడదు. మా ఇంట్లో అది జరిగే పనేనా, పొద్దున నేను లేచేసరికి అత్తమ్మ నువ్వులు కడుగుతోంది. గోడ వైపు ఒక మూల కొంచెం లేచింది. కారట్లేదు గానీ కనిపిస్తుంది, ఎవరైనా వస్తే దాని మీద సబ్బు డబ్బా పెడుతున్నాను.