పాఠకుల ప్రశ్నలు: బరువు తగ్గించే ఆపరేషన్, తోటివారి సలహాలు

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో నా ఆపరేషన్ గురించి రాసిన తరువాత బరంపురం మొదలుకొని జయపురం దాకా ఒడిశా సరిహద్దు ఊళ్లలోని తెలుగు పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో మూడింటికి ఈసారి సమాధానం చెబుతున్నాను. నేను డాక్టరును కాను. తొమ్మిదేళ్ల క్రితం విశాఖపట్నంలో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుని, నాటి నుంచి బరంపురంలోని మా ఇంట్లోనే దాని మంచిచెడ్డలు చూస్తూ బతుకుతున్న మనిషిని.

ప్రశ్న: అక్కా, నాకు 39 ఏళ్లు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయురాలిని. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 102 కిలోలు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. పులితేన్పులతో రాత్రిళ్లు నిద్ర పట్టదు. విశాఖపట్నంలో డాక్టరు గారు ఆపరేషన్ చేయించుకోవడం మంచిదన్నారు. ఇదివరకే చేయించుకున్న నలుగురు ఆడవాళ్లు అక్కడ పరిచయమయ్యారు. స్లీవ్ చిన్న ఆపరేషన్ కనుక అదే చేయించుకోమని ఒకరు, బైపాస్ అయితేనే షుగర్ పోతుందని మరొకరు అంటున్నారు. రెండేళ్ల నుంచి విటమిన్ మాత్రలు మానేసినా తనకేమీ కాలేదని ఇంకొకరు చెప్పారు. మా అత్తగారేమో "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా" అంటున్నారు. నేను ఎవరి మాట వినాలి? ఈ సంగతి చుట్టాలకు చెప్పాలా, దాచాలా?
— ఒక సోదరి, పర్లాకిమిడి

సమాధానం: చెల్లెమ్మా, ముందుగా నాకు జరిగినది చెబుతాను. ఆపరేషన్ అయిన ఐదో వారంలో నాకు వాంతులు పట్టుకున్నాయి. గుక్కెడు పప్పుకట్టు తాగినా నిలిచేది కాదు. నాతోపాటే ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడకు ఫోన్ చేస్తే, "అందరికీ అలాగే ఉంటుందమ్మా, నాకూ అయింది, అదే తగ్గిపోతుంది" అని ఆమె ధైర్యం చెప్పింది. ఆ ధైర్యంతోనే పద్నాలుగు రోజులు గడిపాను. పదిహేనో రోజు ఉదయం గుమ్మం దగ్గర నిలబడితే వీధిలో వెళ్తున్న ఒక్క రిక్షా రెండుగా కనిపించింది, అడుగు వేస్తే కాలు తూలింది. ఆసుపత్రిలో చేర్చిన తరువాత అక్కడి డాక్టరు గ్లూకోజు సీసా ఎక్కించబోతున్న నర్సును ఆపి, ముందుగా థయమిన్ ఇంజెక్షన్ ఇప్పించారు. థయమిన్ అంటే బి1 విటమిన్. మన శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. వాంతులతో అది అడుగంటినప్పుడు మెదడు దెబ్బతింటుంది, ఆ స్థితిలో ముందు గ్లూకోజు ఇస్తే మరింత చేటు జరుగుతుంది. ఫోన్‌లో ధైర్యం చెప్పినావిడ నా మేలు కోరే చెప్పింది, ఆమె వాంతులు నిజంగానే వాటంతట అవే తగ్గాయి. తన కడుపు సంగతి ఆమెకు తెలుసు, నా కడుపు సంగతి తెలియదు. ఇందులో ఆమె తప్పేమీ లేదు.

మాత్రలు మానేసినా ఏమీ కాలేదన్న ఆవిడ మాటనూ మీరు ఇలాగే అర్థం చేసుకోవాలి. బి12 విటమిన్ కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కనుక, దాన్ని మానేసినవారికి మొదటి ఏడాదిలోనో రెండో ఏడాదిలోనో ఏ లోటూ తెలియకపోవచ్చు. నిల్వ కరిగిన తరువాత అరికాళ్లు తిమ్మిరెక్కడం, నాలుక మండడం, మతిమరుపు, రక్తహీనత ఒక్కొక్కటిగా బయటపడతాయి, నరాలకు జరిగిన నష్టం కొన్నిసార్లు తిరిగి పూర్తిగా బాగుపడదు. నెలసరి వచ్చే వయసులో ఉన్న మీకు ఇనుము లోటు త్వరగా వస్తుంది. ఇనుము మాత్రకూ కాల్షియం మాత్రకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, ఇనుము మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగకూడదు. బి12, డి విటమిన్, ఇనుము, కాల్షియం, ఏటేటా రక్తపరీక్ష ఇవన్నీ జీవితాంతం ఉంటాయి. ఈ ఒక్క విషయంలో ఏ స్నేహితురాలు మినహాయింపు ఇచ్చినా పుచ్చుకోకండి.

ఇక ఏ ఆపరేషన్ అన్న ప్రశ్న. స్లీవ్‌లో కడుపులో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేస్తారు, మిగిలినది అరటికాయంత సన్నని గొట్టంలా ఉంటుంది. పేగుల జోలికి వెళ్లరు కనుక దానిని చిన్న ఆపరేషన్ అంటారు కాని, తీసేసిన కడుపును మళ్లీ పెట్టలేరు. బైపాస్‌లో పైన చిన్న సంచి వంటిది చేసి, ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించుకుని పోయేటట్లు కలుపుతారు. మీ ఉత్తరంలో పులితేన్పుల గురించి చదవగానే నేను ఆగిపోయాను, ఎందుకంటే స్లీవ్ తరువాత అవి కొందరిలో కొత్తగా మొదలవుతాయి, ఉన్నవారిలో ముదరవచ్చు, బైపాస్ తరువాత చాలామందిలో తగ్గుతాయి. అందుచేత ఎండోస్కోపీ, అంటే సన్నని గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష, చేయించకుండా ఏ నిర్ణయానికీ రాకండి. ఎనిమిదేళ్ల షుగర్ కూడా డాక్టరు తూచవలసిన విషయమే. అది చాలామందిలో తగ్గి మందులు లేని స్థితికి వస్తుంది, కొందరిలో ఏళ్ల తరువాత తిరిగి వస్తుంది, కనుక "షుగర్ పోతుంది" అన్న మాటను హామీగా తీసుకోకండి. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే షుగర్ దిగడం మొదలవుతుంది. అప్పుడు పాత మోతాదులోనే మందులు వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోతారు, కాబట్టి ఆ మార్పు డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. ఆ నలుగురు స్నేహితులను మీరు అడగవలసినవి వేరే ఉన్నాయి. మొదటి వారం నొప్పి ఎలా ఉంటుంది, ముద్ద అడ్డుపడితే ఏమవుతుంది, ఎన్ని రోజులకు బడికి వెళ్లగలిగారు, మూడో నెలలో జుట్టు రాలినప్పుడు ఎలా తట్టుకున్నారు? వీటికి వారికన్నా బాగా చెప్పగలవారు లేరు.

మీ అత్తగారి మాట మిమ్మల్ని గాయపరచిందని తెలుస్తూనే ఉంది. బరువు తగ్గుతున్న కొద్దీ శరీరం ఆకలిని పెంచి, తాను చేసే శక్తి ఖర్చును తగ్గించి, పాత బరువుకే లాగుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది కడుపు పైభాగంలోనే. స్లీవ్ తరువాత ఆకలి తగ్గడానికి అదొక కారణం. నోరు కట్టుకుని ఎన్నిసార్లు ఉపవాసాలు చేశారో మీకు తెలుసు. మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత, దాదాపు 42. అమెరికాలోని, అంతర్జాతీయ స్థాయిలోని స్థూలకాయ శస్త్రచికిత్స సంఘాలు 2022లో కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం 35 దాటినవారికి ఇతర జబ్బులు ఉన్నా లేకపోయినా ఈ ఆపరేషన్ సిఫారసు చేయవచ్చు, ఆసియావారికి ఆ హద్దు ఇంకా తక్కువ. బీమా ఉంటే పాలసీ కాగితం తీసి చూడండి. బీమా నియంత్రణ సంస్థ పెట్టిన షరతుల్లో 18 ఏళ్లు నిండడం, డాక్టరు సలహా, బీఎంఐ 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉండడం ఉన్నాయి. తీవ్రమైన కొన్ని జబ్బులుంటే ఆ హద్దు 35. పాలసీ తీసుకుని ఎంతకాలమైతే ఇది వర్తిస్తుందో కూడా అందులోనే ఉంటుంది.

చెప్పాలా, దాచాలా అన్నది పూర్తిగా మీ ఇష్టం. పెళ్లిలోనో పేరంటంలోనో "ఎలా తగ్గావు" అని అడిగిన ప్రతివారికీ కడుపు విప్పి చూపవలసిన పని లేదు, ఆరోగ్యం కోసం తిండి మార్చుకున్నానంటే అది అబద్ధమూ కాదు. అయితే మీ వారికి, ఇంట్లో రోజంతా ఉండే ఇంకొకరికి తప్పక తెలియాలి. జ్వరం, నిమిషానికి 120 దాటిన గుండె వేగం, కడుపునొప్పి, భుజం దాకా పాకే నొప్పి వస్తే అది కుట్ల దగ్గర లీకు కావచ్చని, గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చి పడుకోబెట్టకూడదని వారికి ముందే చెప్పి ఉంచండి. మీ ఊరి నుంచి విశాఖపట్నం మూడు నాలుగు గంటల ప్రయాణం, కనుక మొదటి రెండు వారాలు అక్కడే చుట్టాల ఇంట్లో ఉండగలిగితే మంచిది. తరువాత మీ ఊళ్లో ఏ డాక్టరు దగ్గరికి, ఏ జబ్బుతో వెళ్లినా మీ ఆపరేషన్ సంగతి మొదటి మాటగా చెప్పండి. ముఖ్యంగా బైపాస్ అయినవారు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వేసుకుంటే కుట్ల దగ్గర పుండ్లు పడతాయి. పొగాకు, గుట్కా, గుడాకు కూడా అంతే. మన ప్రాంతంలో గుడాకుతో పళ్లు తోముకునే ఆడవాళ్లు చాలామంది అది పొగాకు అని లెక్కలోకి తీసుకోరు కనుక ప్రత్యేకంగా రాస్తున్నాను.

తిండి గురించి ఒక్క మాట. ఆపరేషన్ అయిన కొత్తలో నేను మా అమ్మాయి చిన్నప్పటి ఉగ్గుగిన్నెను అటక మీద నుంచి దింపించుకున్నాను. ఆ గిన్నెడు దాల్మాను, అంటే కూరగాయలు వేసి వండిన పప్పును, మెత్తగా మెదిపి, చెంచా చివరతో తీసుకుని, నోట్లో నీరైపోయేదాకా నమిలి తినడానికి అరగంట పట్టేది. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్న తరువాత అరగంట ఆగాలి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి కాబట్టి చక్కెర కలపని ఛెనా (విరిగిన పాల ముద్ద), గుడ్డు, చేప, పప్పు ముందు తిని, అన్నం చివరికి ఉంచుకోవాలి. మన ఇళ్లలో పళ్లెం ముందు కూర్చోగానే చేయి అన్నం మీదికే వెళ్తుంది. ఆ అలవాటు మార్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 67 కిలోలు. రెండు సంబంధాలు లావుగా ఉందని తప్పిపోయాయి. మా తోటికోడలి కూతురు ఆపరేషన్‌తో 30 కిలోలు తగ్గింది. మా అమ్మాయికి కూడా పెళ్లికి ముందే చేయిస్తే మంచిదని అందరూ అంటున్నారు. మీ సలహా ఏమిటి?
— ఒక తల్లి, రాయగడ

సమాధానం: చేయించవద్దమ్మా. మీ అమ్మాయి బీఎంఐ 26. ఆసియావారికి తగ్గించిన హద్దుతో చూసినా ఆమె ఈ ఆపరేషన్‌కు తగినంత బరువు లేదు, మనసున్న ఏ సర్జనూ ఇందుకు ఒప్పుకోరు. నెలసరి తప్పుతుంటే థైరాయిడ్, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) పరీక్షలు చేయించండి. పెళ్లికి ముందే అనేవారికి మరో సంగతి తెలిసి ఉండదు: ఈ ఆపరేషన్ అయిన తరువాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో సంబంధాల వారి మాట ఉంది, తోటికోడలి మాట ఉంది, చుట్టుపక్కల వారి మాట ఉంది. మీ అమ్మాయి ఏమందో ఒక్క వాక్యమైనా లేదు. దయచేసి ఆమెను అడగండి, ఆమె ఉత్తరం రాస్తే ఎంతో సంతోషంగా జవాబిస్తాను.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, జయపురంలో దుకాణం ఉంది. నాలుగేళ్ల క్రితం స్లీవ్ చేయించుకుని 128 కిలోల నుంచి 84కు వచ్చాను. ఇప్పుడు 97. నాతో ఆపరేషన్ అయినవారు మళ్లీ ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. పాత డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుగా ఉంది.
— ఒక పాఠకుడు, జయపురం

సమాధానం: అన్నయ్యా, మీరు 44 కిలోలు తగ్గారు, వాటిలో 13 తిరిగి వచ్చాయి. మొదటి రెండేళ్ల తరువాత కొంత బరువు వెనక్కి రావడం ఈ ఆపరేషన్ అయినవారిలో తరచూ జరిగేదే. ఇప్పటికీ మీరు పాత బరువు కన్నా 31 కిలోలు తక్కువే ఉన్నారు. డాక్టరుకు ఇది కొత్త కాదు కాబట్టి సిగ్గుపడవలసిన పని లేదు. రెండో ఆపరేషన్‌లో మొదటిదానికన్నా ప్రమాదం ఎక్కువ, అందుచేత దాని గురించి ఆలోచించే ముందు కడుపు ఎంత సాగిందో పరీక్ష చేయించండి. ఒక వారం పాటు మీరు తిన్నదీ తాగినదీ అంతా చీటీ మీద రాసుకుని వెళ్లండి. దుకాణంలో కూర్చుని తాగే చక్కెర టీలు, మిక్చరు, బిస్కెట్లు, రాత్రి పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) చిన్న కడుపులోంచి కూడా అడ్డు లేకుండా జారిపోతాయి. సాయంత్రాలు మద్యం తీసుకుంటే అదీ దాచకుండా రాయండి, ఆపరేషన్ తరువాత అది త్వరగా ఎక్కుతుంది, త్వరగా అలవాటవుతుంది. 2025 నుంచి మన దేశంలో మౌంజారో, వెగోవీ వంటి, వారానికొకసారి తీసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్ మందులు దొరుకుతున్నాయి. బరువు తిరిగి వచ్చినవారికి వాటిని కూడా డాక్టర్లు ఆలోచిస్తున్నారు, కాని స్నేహితుడికి డాక్టరు రాసిన చీటీ చూపి మందుల దుకాణంలో కొనకండి. పాత డిశ్చార్జి కాగితం, ఈ నాలుగేళ్ల రక్తపరీక్షలు తీసుకుని వెళ్లండి. రక్తపరీక్షలు చేయించుకోకపోయి ఉంటే మొదట బి12, ఇనుము, డి విటమిన్ జయపురంలోనే చేయించుకుని, ఆ తరువాత రైలు టిక్కెట్టు కొనండి.